అర్ధం కాని మసిగుడ్డ

హైమవతి వేసిన బొమ్మలో ఉన్నదల్లా వాళ్ళ అత్తగారి వంటిల్లు. గూట్లో పోపులపెట్టె, అలమరలో ఆవకాయ జాడీ, మూలన రోలు, గోడకి చేరేసిన కత్తిపీట, పొయ్యి మీంచి పాలగిన్నె దించుతూ శేషారత్నమ్మ గారు, ఆవిడ చేతుల్లో మసిగుడ్డ. చూసినవాళ్ళకి జాడీ జాడీలాగా, రోలు రోలులాగా కనిపించేవి. ఆ రోజుల్లో బొమ్మలకి అంతకన్నా పెద్ద బాధ్యతలు ఉండేవి కావు.

హైమవతి తణుకులో ఓ స్కూల్లో డ్రాయింగ్ టీచరు. బడి పిల్లలకి కుండలూ చెంబులూ నేర్పి నేర్పి, ఒకసారి తనకోసం ఏదైనా వేసుకోవాలనిపించి అత్తగారిని అడిగింది. శేషారత్నమ్మ గారు ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"నన్నేం వేస్తావే, నేనేమన్నా సినిమా స్టారునా? జుట్టు దువ్వుకోడానికే తీరిక లేదు నాకు" అని కసిరారు. తరవాత మెత్తబడి ఒక్క షరతు పెట్టారు. "మిగతావి నీ ఇష్టం. మసిగుడ్డ మాత్రం ఉన్నదున్నట్టు వెయ్యాలి. అది మీ మావయ్యగారి పంచె."

మామగారు పోయాక ఆయన పంచెల్ని ఎవరెవరికో ఇచ్చేశారు. ఎర్రంచు పంచె ఒక్కటి మాత్రం ఆవిడ అట్టేపెట్టుకుని, చింపి మసిగుడ్డలు చేసుకున్నారు. "ఆ మానవుడు బతికున్నన్నాళ్ళూ వంటింటి గడప తొక్కలేదే. మంచినీళ్ళు కూడా కుర్చీ దగ్గరికే. ఇప్పుడు చూడు, పొద్దున్న కాఫీ దగ్గర్నుంచీ నా చేతుల్లోనే ఉంటున్నాడు" అని నవ్వేవారు. నవ్వేవారే గానీ, ఆ గుడ్డని ఉతకడానికి కోడలి చేతికి కూడా ఇచ్చేవారు కాదు. హైమవతికి ఆ సంగతి తెలుసు. అందుకే బొమ్మ మొత్తంలో ఆ ఎర్రంచు మీదే ఎక్కువ సేపు కూర్చుంది.

జిల్లా కేంద్రంలో ప్రభుత్వ గృహచిత్ర కళాపీఠం వాళ్ళు కొత్త భవనం కట్టుకున్నారు. దాని ప్రారంభోత్సవానికి వంటింటి చిత్రాలతో ప్రదర్శన పెడుతున్నాం, పంపండి అంటే హైమవతి పంపింది. బొమ్మ ఎంపికైంది. శేషారత్నమ్మ గారు ఆ కబురు వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చెప్పి వచ్చి, ఆ రోజు కట్టుకోడానికి బీరువాలోంచి పట్టుచీర తీసి నీడపట్టున ఆరేశారు.

సరిగ్గా అప్పుడే పీఠం డైరెక్టరు డాక్టర్ కుసుమాకర్ గారు విదేశీ పర్యటన ముగించుకుని వచ్చారు.

హాలెండులో ఒక మ్యూజియంలో గైడు ఆయనకి ఓ బొమ్మ చూపించింది. బల్ల మీద సగం తొక్క తీసిన నిమ్మకాయ. అది నిమ్మకాయ కాదనీ, జీవితమనీ, చూడ్డానికి అందంగా ఉండి లోపల పుల్లగా ఉంటుందనీ చెప్పింది. పక్కన సగం ఖాళీ అయిన గ్లాసు, అది తరిగిపోతున్న ఆయుష్షు. సగం కోసిన రొట్టె, అదేదో ఇంకా పెద్దది. డైరెక్టరు గారికి ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళుగా ఆయన నిమ్మకాయని పులిహోరలో పిండుకు తింటున్నారు. అది తనతో ఏదో చెబుతోందన్న అనుమానం ఒక్కసారి కూడా రాలేదు.

వచ్చీ రాగానే సమావేశం పెట్టారు. "అక్కడ నిమ్మకాయ ఊరికే ఉండదండీ! మన దగ్గర జాడీ ఊరికే ఉంటోంది. గిన్నె ఊరికే ఉంటోంది. వందల ఏళ్ళుగా మన రోళ్ళు ఏ అర్థమూ లేకుండా మూలన పడి ఉన్నాయంటే, జాతిగా మనం తలదించుకోవాలి."

సభ్యులు అప్పటికప్పుడు తలలు దించుకున్నారు. అర్థ నిర్ధారణ సంఘం ఏర్పడింది. చిత్రకారులందరూ స్వయంగా హాజరై తమ తమ వస్తువులకి సంజాయిషీ ఇచ్చుకోవాలని కబురు వెళ్ళింది.

హైమవతి వంతు వచ్చేసరికి డైరెక్టరు గారు మంచి ఊపులో ఉన్నారు.

"ఈ రోలు దేనికి?"

"పచ్చడికండి."

"అది ప్రయోజనం. మేము అడుగుతున్నది అర్థం."

హైమవతి మళ్ళీ పచ్చడనే అంది. సంఘమే దయతలచి అర్థాలు ప్రసాదించింది. రోలు స్త్రీ సహనం. కత్తిపీట అణచుకున్న ఆగ్రహం. ఆవకాయ జాడీ జ్ఞాపకశక్తి, ఎందుకంటే నిలవ ఉంటుంది. పోపులపెట్టె జాతీయ సమైక్యత, ఎందుకంటే గిన్నెలు వేరైనా డబ్బా ఒకటే. అంతా సవ్యంగా సాగిపోయేదే గానీ, ఒక సభ్యుడు పోపులపెట్టె మీదకి వంగి చూసి కంగారుపడ్డాడు.

"మధ్య గిన్నెలో ఎండుమిరపకాయలు ఉన్నాయేంటండీ? కేంద్రంలో ఘాటు ఉన్నట్టు అపార్థం రాదూ?"

"ఉప్పు పెట్టండి" అన్నారు డైరెక్టరు గారు.

"పోపులపెట్టెలో ఉప్పు ఉండదండి."

"ఉండవలెనని పీఠం అభిప్రాయపడుతోంది."

హైమవతి కుంచె తీసి ఉప్పు పెట్టింది. చివరికి మసిగుడ్డ దగ్గరికి వచ్చారు.

"ఇది?"

"మసిగుడ్డండి."

"దేనికి ప్రతీక?"

"వేడిగిన్నె పట్టుకోడానికండి."

డైరెక్టరు గారు హాలెండు నుంచి తెచ్చుకున్న లావుపాటి పుస్తకం ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తిరగేశారు. అందులో నిమ్మకాయ ఉంది, పుర్రె ఉంది, చచ్చిన కుందేలు ఉంది. మసిగుడ్డ లేదు. "వాళ్ళు వేడివేడిగా ఏదీ దించుకోరు కాబోలు" అని గొణిగాడో సభ్యుడు. మసిగుడ్డ విషయం పరిశీలనలో ఉంచడమైనదని చెప్పి బొమ్మని పీఠంలోనే అట్టేపెట్టేశారు.

మామగారి పంచె సంగతి హైమవతి నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే దానిక్కూడా ఒక అర్థం కట్టి గోడకి అంటిస్తారని భయమేసింది. మాట మింగేసి బస్సెక్కింది.

తరవాత వారంలో అసలు ఉత్తర్వు ఇంటికొచ్చింది. "గృహచిత్రములయందలి ప్రతి వంటింటి వస్తువునకు విధిగా అర్ధము ఉండవలెను. అర్ధము కాని వస్తువులను తొలగించవలెను."

హైమవతి చదివి నవ్వుకుంది. థ పొట్టలో చుక్క పడలేదు. చుక్క ఉంటే అర్థం. లేకపోతే అర్ధం, అంటే సగం. తెలుగువాళ్ళలో సగం మంది ఇలాగే రాస్తారు, పిల్లల పుస్తకాల్లో ఆవిడ దిద్దని రోజు లేదు. అయినా ప్రభుత్వ కాగితం కదా, ఒక మాట చెప్పొద్దామని పీఠానికి వెళ్ళింది.

సూపరింటెండెంటు కృపావరం మంచివాడు. కాగితాన్ని కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"నిజమేనండి. టైపులో పోయిందండి."

"అయితే పెన్నుతో ఓ చుక్క పెట్టెయ్యండి, సరిపోతుంది."

"అమ్మమ్మ! సంతకం అయిపోయిందండి మేడమ్ గారూ. సంతకానికి ముందైతే పొరపాటండి. సంతకం అయ్యాక విధానమండి."

"ప్రతి వస్తువుకీ సగం ఉండాలని ఏం విధానమండీ?"

"అది మనకి తెలీదండి. సార్ గారు సంతకం పెట్టారంటే ఏదో ఉద్దేశం ఉండే ఉంటదండి. ఆయన్నే అడగండి."

డైరెక్టరు గారికి ఏ ఉద్దేశమూ లేదు. అడిగాక పుట్టింది. ఆయన కాగితాన్ని చాలాసేపు చూశారు. చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవడం ఒక దారి. రెండోది ఇంకా దారి కాదు గానీ, ఆయన నడిస్తే అయ్యేలా ఉంది. ఆయన దాంట్లోనే నడిచారు.

"హైమవతిగారూ, చుక్క పోలేదు. తీసేశాం."

"సార్?"

"నిమ్మకాయకి తొక్క ఎంత తీశారు? సగం. గ్లాసులో ఎంత ఉంది? సగం. రొట్టె? సగం. ఆ మహాచిత్రకారులు దేన్నీ పూర్తిగా చూపించలేదు. పూర్తిగా ఉన్న వస్తువు ఏమీ మాట్లాడదు. సగమే మాట్లాడుతుంది. అర్ధమే అర్థం! ఈ మహాసత్యం మన భాషలోనే ఉంది. మనమే ఇన్నాళ్ళూ ఒక చుక్క అడ్డం పెట్టి దాచుకున్నాం."

చెబుతూ చెబుతూ ఉండగా ఆయనకే నమ్మకం కుదిరింది. గుమ్మం దగ్గర నిలబడ్డ కృపావరం "చూశారాండీ, చెప్పలేదా" అన్నట్టు హైమవతి వంక చూశాడు.

ఆ రోజు నుంచి అర్ధీకరణ మొదలైంది. పై సగం ఉంచాలా కింద సగం ఉంచాలా అని సంఘం రెండు వర్గాలుగా చీలింది. చెరిసగంగా చీలింది గనక అది శుభసూచకమని డైరెక్టరు గారు సంతోషించి, నిలువుగా కొయ్యాలని తీర్పు చెప్పారు. ఊళ్ళో చిత్రకారులు అప్పడాల్నీ, జల్లెడల్నీ, చేటల్నీ సగం చేసుకుని తెచ్చారు. ఒకాయన గోడ మీది బల్లి తోక కూడా తీసేసి తెచ్చాడు. బల్లి తోకని తనంతట తానే వదులుకోగలదు గనక దాన్ని స్వచ్ఛంద అర్ధీకరణగా గుర్తించి మెచ్చుకున్నారు. పీఠం క్యాంటీన్లో టీ సగం గ్లాసే ఇవ్వసాగారు. సిబ్బంది సగం పూటే పనిచెయ్యాలన్న నిబంధన ఒక్కటి ఏ చర్చా లేకుండా అమలైంది, ఎందుకంటే అది అంతకుముందు నుంచీ అమల్లోనే ఉంది.

హైమవతి బొమ్మ వెనక్కి తెచ్చేసుకుందామనుకుంది. ఇంటికెళ్ళి చూస్తే అత్తగారు పట్టుచీరకి మ్యాచింగ్ జాకెట్టు కుట్టించుకొచ్చి, సరిపోయిందో లేదో వేసుకు చూసుకుంటున్నారు. "చేతులు కాస్త బిగువైనట్టున్నాయి కదే? ఫొటోలు తీస్తారేమో" అని అడిగారు. ఆవిడ మొహం చూసి హైమవతి "లేదు అత్తయ్యగారూ, సరిపోయాయి" అంది. మర్నాడు పీఠానికి వెళ్ళి, తన బొమ్మ ముందు కూర్చుని, జాడీని సగం చేసింది. రోలుని సగం చేసింది. తన చేత్తో తానే చేస్తున్నందుకు ఆవిడకి ఏడుపొచ్చింది.

"పాలగిన్నె నిలువునా కోస్తే పాలు ఒలికిపోతాయి కదండీ?"

"అది ప్రేక్షకుడి ఊహకి వదిలెయ్యండి" అన్నారు డైరెక్టరు గారు. "మరి ఈవిడో?"

"మా అత్తగారండి. మనిషండి. ఉత్తర్వులో వంటింటి వస్తువులనే కదండీ ఉంది?"

"వంటింట్లో ఉన్నాక వంటింటి వస్తువే కదమ్మా" అన్నారాయన చాలా సౌమ్యంగా.

హైమవతి కుంచె రంగులో ముంచింది, తుడిచేసింది, మళ్ళీ ముంచింది. తరవాత అత్తగారిని సగం చేసింది. సగం మొహం, ఒక భుజం, ఒక చెయ్యి, ఆ చేతిలో మసిగుడ్డ మిగిలాయి.

"మసిగుడ్డ అర్ధీకరించలేదేం?"

"చేశానండి."

"పూర్తిగానే కనిపిస్తోందే!"

"మసిగుడ్డని సగం చింపితే సగం మసిగుడ్డ అవదండి. ఇంకో మసిగుడ్డ అవుతుంది."

సంఘం నమ్మలేదు. క్యాంటీన్ నుంచి గుడ్డ ఒకటి తెప్పించి చింపారు. రెండు మసిగుడ్డలయ్యాయి. వాటిని చింపారు. నాలుగయ్యాయి. సభ్యులందరి చేతుల్లోనూ తలా ఒక మసిగుడ్డ వచ్చాక, ఎవరి దగ్గరా సగం లేదని తేలింది. డైరెక్టరు గారు జిడ్డు చేతులు జేబురుమాలుకి తుడుచుకుని గంభీరంగా ప్రకటించారు.

"ఈ వస్తువు అర్ధం కాదు."

కృపావరం రాసుకున్నాడు. అర్ధం కాని వస్తువుల్ని తొలగించాలని ఉత్తర్వులో ఉండనే ఉంది. హైమవతి రెండు చేతులూ బొమ్మకి అడ్డం పెట్టింది.

"అది తీసెయ్యకండి సార్. ఆవిడ చెయ్యి కాలుతుందండి."

"బొమ్మలోనే కదమ్మా!" అని నవ్వారందరూ. పీఠం ఆస్థాన చిత్రకారుడు వచ్చి, ఎర్రంచుతో సహా మసిగుడ్డ మీద ఒంటిరంగు పూసేశాడు. హైమవతి ఇంటికెళ్ళి అత్తగారితో తలనొప్పని చెప్పి పడుకుంది.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. భవనానికి సగం రంగులు వేశారు. ముఖ్య అతిథి సగం దూరం వచ్చి, దారిలో ఇంకేదో పనిపడి వెనక్కి వెళ్ళారని తెలిసి నిర్వాహకులు కృతజ్ఞతలు తెలిపారు. వంటింటి ప్రదర్శన కాబట్టి, కొత్తింట్లోకి వెళ్ళినప్పటిలా పాలు పొంగిద్దామని వేదిక మీద బొగ్గుల కుంపటి రాజేశారు. సగం గిన్నె చేయించారు గానీ పాలు అందులో నిలవడానికి ఒప్పుకోలేదట. అందుకని పూర్తి గిన్నెలో సగం పాలు పోశారు. చివరి నిమిషంలో ఎవరైనా పూర్తి వస్తువుతో వస్తే సరిచెయ్యడానికి ఆస్థాన చిత్రకారుడు రంగులపెట్టెతో గుమ్మం దగ్గరే ఉన్నాడు.

శేషారత్నమ్మ గారు పట్టుచీర సర్దుకుని బొమ్మ ముందు నిలబడ్డారు. హైమవతి ఒక అడుగు వెనకే ఉంది.

"సగమే వేశావేంటే నన్ను?"

"ఇక్కడ రూలట అత్తయ్యగారూ."

"పోన్లే. మిగతా సగం పెరట్లో ఉందనుకుంటారు" అని ఆవిడ సర్దుకున్నారు. జాడీని చూసి "ఊట కారిపోదూ" అన్నారు. పోపులపెట్టెలో ఉప్పుని చూసి కోడలి వంక ఒకసారి చూసి ఊరుకున్నారు. చూపు చెయ్యి దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"మసిగుడ్డేదే?"

హైమవతి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"కాలే గిన్నె ఒట్టి చేత్తో పట్టుకుంటానా నేను? చూసినవాళ్ళు నాకు బుద్ధి లేదనుకోరూ?" అన్నారావిడ. తరవాత గొంతు తగ్గిపోయింది. "మీ మావయ్యగార్ని ఏం చేశావే అమ్మాయ్?"

హైమవతి కళ్ళు తుడుచుకుంటూ పక్కకి చూసింది. మైకులో పేరు పిలుస్తున్నారు. చిత్రంలోని మాతృమూర్తికి సన్మానమట. ఆవిడని వేదిక మీద కూర్చోబెట్టి, అర్ధీకరించిన శాలువా కప్పారు. అది ఒక భుజానికే వచ్చింది. చప్పట్లు కూడా ఒకవైపు వాళ్ళే కొట్టారు.

ఇంతలో పాలు పొంగొచ్చాయి. ఫొటోగ్రాఫరు "సార్, గిన్నె దించుతూ ఇటు చూడండి" అన్నాడు. ఉపన్యాసం మధ్యలో ఉన్న డైరెక్టరు గారు, బొమ్మలో శేషారత్నమ్మ గారిలాగానే, ఒట్టి చేతుల్తో గిన్నె పట్టుకుని కెమెరా వంక చూశారు. అరుపు బయట రోడ్డు దాకా వినిపించింది. గిన్నె దబ్బున మళ్ళీ కుంపటి మీద పడింది. పాలు పొంగి బొగ్గుల మీదకి కారి, బూడిదా పొగా లేచి హాలంతా కమ్ముకున్నాయి.

"గుడ్డ! ఎవరైనా గుడ్డ తెండి!"

"లేదండి సార్" అన్నాడు కృపావరం. "అర్ధం కాని వస్తువులు భవనంలో ఉండకూడదని మొన్ననే గుడ్డలన్నీ బయట పారేయించామండి."

శేషారత్నమ్మ గారు లేచారు. భుజం మీది సగం శాలువా తీసి, రెండు మడతలు పెట్టి, గిన్నె అంచులు పట్టుకుని, ఒక్క చుక్క ఒలక్కుండా కింద పెట్టారు. మాడిన శాలువా విప్పి చూసుకున్నారు.

"సరిపోయింది. మొత్తం శాలువా అయితే దళసరై పట్టు దొరకదు" అన్నారు. తరవాత, నోట్లో వేళ్ళు పెట్టుకుని నిలబడ్డ డైరెక్టరు గారి వైపు తిరిగారు. "అర్థమైందా నాయనా?"

అందరూ డైరెక్టరు గారి చుట్టూ మూగారు. ఒకరు నీళ్ళన్నారు, ఒకరు తేనన్నారు. ఆ గొడవలో హైమవతిని ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఆస్థాన చిత్రకారుడి పెట్టెలోంచి అడగకుండానే కుంచె తీసుకుని, బొమ్మ దగ్గరికి వచ్చింది. అత్తగారి చేతిలో మసిగుడ్డ వేసింది. ఈసారి ఎర్రంచు ముందే వేసింది. శేషారత్నమ్మ గారు వెనకాల నిలబడి "ఆ మూల మడత పడుతుంది చూడు. ఆఁ, అలాగ" అని చెబుతున్నారు.

కృపావరానికి మాత్రం పని తెమల్లేదు. సభలో జరిగిందంతా అతను రాసిపెట్టాలి. "అర్థమైందా" దగ్గర పెన్ను ఆగిపోయింది. నోటితో అంటే రెండూ ఒకలాగే వినిపిస్తాయి మరి. తిరిగి తిరిగి డైరెక్టరు గారి దగ్గరికే వెళ్ళాడు.

"సార్, ఆవిడగారన్న మాట పొట్టలో చుక్క పెట్టి రాయమంటారా, లేకుండానా అండి?"

డైరెక్టరు గారి వేళ్ళు గ్లాసెడు నీళ్ళలో ఉన్నాయి. సంతకం పెట్టే వేళ్ళే అవి. ఆయన వాటి వంకే చూసుకున్నారు. ఏం చెయ్యాలో తోచక కృపావరం కాగితం పట్టుకుని శేషారత్నమ్మ గారి వంక చూశాడు.

"పెట్టు నాయనా" అన్నారావిడ, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా. "ఇంత భవనం కట్టుకున్నారు, ఒక్క చుక్క పెట్టుకోలేరూ?"